తివాచీ వాసనకు వంటింటి విరుగుడు

నాలుగు రోజులు ఎడతెరిపి లేకుండా ముసురు పట్టిందనుకోండి. ఉతికిన బట్టలు ఆరవు. డబ్బాలో అప్పడాలు మెత్తబడతాయి. తలుపులు బిగుసుకుపోతాయి. సరిగ్గా అప్పుడే, హాల్లో పరిచిన తివాచీ నుంచి ఒకరకమైన ముక్కిన వాసన మొదలవుతుంది. ఇంటికి వచ్చిన చుట్టాలు గుమ్మంలోనే దాన్ని పసిగడతారు. మర్యాద కొద్దీ పైకి అనరు. ఇంట్లోవాళ్లకు మాత్రం ఏ వాసనా తెలియదు!

ఇలాంటప్పుడు మన ఇళ్లలో జరిగే చికిత్స మీకు తెలిసిందే. ఒకరు సాంబ్రాణి వేస్తారు. ఒకరు అగరుబత్తి వెలిగిస్తారు. ఇంకొకరు బజారులో దొరికే సుగంధపు స్ప్రే కొడతారు. ఈమధ్య అందరి నోటా వినబడే సలహా మరొకటి ఉంది: "వంట సోడా చల్లండి, వాసనంతా లాగేస్తుంది." ఖర్చు తక్కువైన సలహాయే. కాని వంట సోడా ఏ వాసననైనా లాగేస్తుందా? అసలు లాగడమంటే ఏమిటి? వాసన సోడాలోకి పోయిందా, గాలిలోకి పోయిందా, లేక మన ముక్కే మోసపోయిందా? ఆమ్లాలు, క్షారాలు, లవణాలు అనే పాఠం చదువుకున్నవారెవరైనా ఈ ప్రశ్నలకు ఇంట్లోనే జవాబు రాబట్టవచ్చు. ఇది సరదా విషయం మాత్రమే కాదు. పొరపాటు మందు వేస్తే నెలల తరబడి నేసిన తివాచీ పాడవుతుంది. మరీ పెద్ద పొరపాటు చేస్తే మనిషి ఊపిరికే ప్రమాదం. ఆ సంగతి తరువాత చెప్పుకుందాం.

ఎగిరితేనే వాసన

ఒక వస్తువు వాసన మనకు తెలియాలంటే ఆ వస్తువు నుంచి కొన్ని అణువులు విడివడి, గాలిలో ప్రయాణించి, మన ముక్కు లోపలి పైభాగంలో ఉండే గ్రాహకాలను తాకాలి. ఉప్పుకు వాసన లేదు. ఎందుకంటే ఉప్పులోని సోడియం, క్లోరిన్ అయానులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. మామూలు ఉష్ణోగ్రత వద్ద గాలిలోకి ఎగరలేవు. కర్పూరానికి ఘాటైన వాసన ఉంది. దాని అణువులు ఒకదాన్నొకటి వదులుగా పట్టుకుని ఉంటాయి కనుక తేలికగా ఎగిరిపోతాయి. ఈ ఒక్క తేడాను గుర్తుపెట్టుకోండి. ఈ వ్యాసంలో మిగిలిన కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మనిషి ముక్కులో పనిచేసే వాసన గ్రాహకాలు దాదాపు 400 రకాలు. వీటిని తయారుచేసే జన్యువులను లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు 1991లో కనుగొన్నారు. అందుకు 2004లో వారికి నోబెల్ బహుమతి లభించింది. ఒక్కొక్క వాసన అణువు కొన్ని గ్రాహకాలను మీటుతుంది. ఏయే మెట్లు ఏ కలయికలో మోగాయో చూసి మెదడు "ఇది మల్లెపువ్వు", "ఇది పాడైన నెయ్యి" అని పోల్చుకుంటుంది. ఒకే వాసన ఆగకుండా వస్తుంటే మాత్రం కొద్ది నిమిషాలలోనే దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. చుట్టాలకు తెలిసిన వాసన ఇంటివాళ్లకు తెలియకపోవడానికి కారణం ఇదే. కాబట్టి తివాచీకి ఏ చికిత్స చేసినా ఫలితం చెప్పవలసినవారు మీరు కాదు. పక్కింటి వాళ్లను పిలిచి వాసన చూడమనండి. లేదా ఒక అరగంట ఆరుబయట తిరిగివచ్చి మీరే చూడండి.

తివాచీ ఎందుకు వాసనను పట్టుకుంటుంది?

మన దేశంలో తివాచీ అనగానే కాశ్మీరు, ఉత్తరప్రదేశ్‌లోని భదోహి, మీర్జాపూర్ గుర్తుకొస్తాయి. మనకూ ఏలూరులో ఉన్ని తివాచీల నేత ఉంది. వరంగల్లు జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఈ రెండూ ఒకటి కావు. ఏలూరు తివాచీలో నిలువు పోగులకు ఉన్ని ముడులు వేసి, కొసలు కత్తిరిస్తారు. అందుకే పైన మెత్తటి నూగు ఉంటుంది. జంపఖానా నూలుతో చదునుగా నేసినది, నూగు ఉండదు.

ఒక చిన్న లెక్క వేద్దాం. చదరపు అంగుళానికి 100 ముడులున్న తివాచీ 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉందనుకోండి. వైశాల్యం 3,456 చదరపు అంగుళాలు. అంటే 3,45,600 ముడులు! ప్రతి ముడికీ రెండు కొసలు, ప్రతి కొసలో ఎన్నో ఉన్నిపోగులు. పైకి 24 చదరపు అడుగులుగా కనిపించే తివాచీలో దుమ్మూ తేమా దాక్కోవడానికి ఎంత చోటు ఉందో ఊహించుకోండి. గచ్చు నేలమీద ఒలికిన పాలను గుడ్డతో తుడిస్తే చాలు. తివాచీ మీద ఒలికిన పాలు లోపల అడుగు నేత దాకా దిగిపోతాయి.

ఉన్నికి ఇంకొక గుణం ఉంది. గాలిలో తేమ బాగా ఎక్కువగా ఉన్నప్పుడు అది తన బరువులో దాదాపు మూడోవంతు నీటిని పీల్చుకోగలదు, అయినా ముట్టుకుంటే తడిగా అనిపించదు. ఉన్ని కెరాటిన్ అనే మాంసకృత్తి. మన వెంట్రుకలూ గోళ్లూ ఆ జాతివే. ఈ కెరాటిన్ గొలుసుల మీద ఆమ్ల గుణమున్న కొక్కేలూ, క్షార గుణమున్న కొక్కేలూ రెండూ ఉంటాయి. కనుక రెండు రకాల వాసన అణువులూ వాటికి తగులుకుంటాయి. పొడి వాతావరణంలో అవి అలాగే అణిగి ఉంటాయి. ముసురు పట్టగానే నీటి అణువులు వచ్చి ఆ కొక్కేలను ఆక్రమిస్తాయి. పాత అతిథులు బయటికి ఎగురుతాయి. వేసవిలో లేని వాసన వానాకాలంలో "కొత్తగా" పుట్టినట్లు అనిపించడంలో ఇదొక రహస్యం. రెండో రహస్యం సూక్ష్మజీవులు.

ఉన్ని తనంతట తాను కుళ్లదు. 1949లో రష్యా పురాతత్వవేత్త సెర్గేయ్ రుదెంకో సైబీరియాలోని అల్తాయ్ పర్వతాలలో, పజిరిక్ అనే చోట, మంచులో గడ్డకట్టిన ఒక సమాధిని తవ్వినప్పుడు ముడులు వేసి నేసిన తివాచీ ఒకటి బయటపడింది. వయస్సు దాదాపు 2,400 సంవత్సరాలు. దాని మీద గుర్రపు రౌతుల వరుస, జింకల వరుస ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తాయి. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్ మ్యూజియంలో అది భద్రంగా ఉంది. మంచులో బాక్టీరియాకు, బూజుకు పని లేదు కాబట్టే అది నిలిచింది. మన వానాకాలం సరిగ్గా దానికి వ్యతిరేకం: వెచ్చదనం, తేమ, పైగా తినడానికి మన కాళ్ల నుంచి రాలిన చర్మపు పొలుసులు, ఒలికిన పాలు, చెమట.

ఎవరి వాసన వారిది

"తివాచీ వాసన" అని ఒకే మాట అంటాం గాని దానిలో కనీసం మూడు కుటుంబాలు ఉన్నాయి.

మొదటిది ఆమ్లాల కుటుంబం. చెమటకు అప్పటికప్పుడు పెద్దగా వాసన ఉండదు. చర్మం మీది స్టెఫిలోకాకస్ వంటి బాక్టీరియాలు చెమటలోని ల్యూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని విరగ్గొట్టి ఐసోవలెరిక్ ఆమ్లం తయారుచేస్తాయి. పాదాల కంపు, రోజంతా వేసుకున్న మేజోళ్ల కంపు అదే. ఒలికిన పాలు, వెన్న ముక్కిపోతే వచ్చేది బ్యుటిరిక్ ఆమ్లం. దీన్ని 19వ శతాబ్దం తొలినాళ్లలో కనుగొన్న ఫ్రెంచి శాస్త్రవేత్త మిషెల్ షెవ్రోల్ ఆ తరువాత పారిస్‌లోని ప్రసిద్ధమైన గోబెలాఁ నేతశాలలో రంగుల విభాగానికి అధిపతి అయ్యాడు. కొవ్వుల కంపునూ తెలిసినవాడు, ఉన్ని రంగులనూ తెలిసినవాడు! నూరేళ్లు దాటి జీవించాడు కూడా.

రెండవది క్షారాల కుటుంబం. చంటిపిల్లల మూత్రం, పిల్లి మూత్రం తివాచీలో ఇంకితే అందులోని యూరియాను బాక్టీరియాలు యూరియేజ్ అనే ఎంజైము సాయంతో విడగొట్టి అమ్మోనియా చేస్తాయి. కళ్లు మండించే ఘాటు దానిదే. (ఈ యూరియేజ్‌నే జేమ్స్ సమ్నర్ 1926లో ఒక జాతి చిక్కుడు గింజల నుంచి స్ఫటికాలుగా వేరుచేశాడు. ఎంజైములు మాంసకృత్తులేనని నిరూపించిన ఆ పనికి 1946లో నోబెల్ బహుమతి వచ్చింది.) సముద్రపు చేపల నీచు వాసనకు మూలమైన ట్రైమిథైల్ అమీన్ కూడా ఈ కుటుంబానిదే. సిగరెట్ పొగలోని నికోటిన్ సైతం క్షారమే.

మూడవ కుటుంబం ఆమ్లమూ కాదు, క్షారమూ కాదు. బూజు విడుదల చేసే ఆక్టెనాల్ జాతి ఆల్కహాళ్లకు పుట్టగొడుగుల వాసన ఉంటుంది. మట్టి బాక్టీరియాలు తయారుచేసే జియోస్మిన్ అయితే మరీ మొండిది. లీటరు నీటిలో కొన్ని నానోగ్రాములు, అంటే గ్రాములో వందకోట్ల వంతులు కొన్ని, ఉన్నా మన ముక్కు పట్టేస్తుంది. తొలకరి చినుకులకు లేచే మట్టి వాసనలో ఈ జియోస్మిన్ పాలు పెద్దది. ఆ మట్టి వాసననే ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో బట్టీ పట్టి అత్తరుగా అమ్ముతారు. పొలంలో సుగంధం, హాల్లో దుర్గంధం!

సోడా చేసేది ఏమిటి?

వంట సోడా అంటే సోడియం బైకార్బనేట్. బలహీన క్షారం. దీని ద్రావణం పి.హెచ్. విలువ 8 కంటె కొంచెం ఎక్కువ. బ్యుటిరిక్ ఆమ్లం దీన్ని కలిసినప్పుడు సోడియం బ్యుటిరేట్ అనే లవణం, నీరు, కార్బన్ డై ఆక్సైడ్ ఏర్పడతాయి. లవణం అనగానే ఇందాకటి ఉప్పును తలచుకోండి. అయానులు ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చుంటాయి, ఎగరలేవు. ఎగరలేనిదానికి వాసన లేదు. సోడా వాసనను "లాగడం" అంటే నిజానికి దానికి తాళం వేయడమన్నమాట.

ఎంత సోడా కావాలి? బ్యుటిరిక్ ఆమ్లం అణుభారం 88, సోడియం బైకార్బనేట్‌ది 84. కనుక ఒక గ్రాము ఆమ్లానికి ఒక గ్రాము కంటె కొంచెం తక్కువ సోడా చాలు. ఒలికిన పాల మరకలో అంత ఆమ్లం ఉండనే ఉండదు. మరి ఒక చిటికెడు చల్లితే సరిపోవాలి కదా? సరిపోదు. ఎందుకంటే ఆమ్లం నూగు అడుగున ఉంది, సోడా నూగు పైన ఉంది. రెండూ కలుసుకోవాలి. అసలు చిక్కంతా ఇక్కడే.

అందువల్ల చేయవలసిన పద్ధతి ఇది. ముందు తివాచీని దులిపి దుమ్ము వదిలించండి. దుమ్ము ఉండగా సోడా చల్లడం మురికికి పిండి పూసినట్లే. సోడా ఉండలు కట్టకుండా టీ జల్లెడతో జల్లండి. 6 అడుగులు, 4 అడుగుల తివాచీకి ఒక చిన్న గిన్నెడు చాలు. మెత్తని బ్రష్షుతో నూగు వాలుకూ, ఎదురుకూ రెండు వైపులా రుద్దితే పొడి లోపలికి దిగుతుంది. రాత్రంతా వదిలేయండి. గాలిలోని కొద్దిపాటి తేమే చర్యకు సరిపోతుంది, నీళ్లు చల్లనవసరం లేదు. ఉన్ని మీద నీళ్లు అసలు చల్లకూడదు కూడా. క్షారపు తడి మాంసకృత్తిని బలహీనపరుస్తుంది, కొన్ని రంగులు కారతాయి. మర్నాడు ఆరుబయట గోడమీద తిరగేసి వేసి వెనుక వైపు నుంచి కర్రతో తట్టండి. ముక్కుకు గుడ్డ కట్టుకోవడం మరిచిపోకండి. వాక్యూమ్ క్లీనర్ ఉంటే మంచిదే, కాని సన్నని పొడి దాని వడపోత సంచిని త్వరగా మూసేస్తుంది. పని కాగానే సంచిని శుభ్రం చేయాలి.

కొట్లో కొనేటప్పుడు ఒక జాగ్రత్త. వంట సోడా వేరు, బేకింగ్ పౌడర్ వేరు, బట్టల సోడా వేరు. బేకింగ్ పౌడర్‌లో సోడాతో పాటు ఒక ఆమ్లపు పొడి, పిండి కలిపి ఉంటాయి. దాన్ని చల్లితే వాసన మాట ఎలా ఉన్నా చీమలు, బొద్దింకలు సంతోషిస్తాయి. బట్టల సోడా సోడియం కార్బనేట్. దాని ద్రావణం పి.హెచ్. 11 దాకా ఉంటుంది. నూలు బట్టలు దానికి తట్టుకుంటాయి గాని ఉన్ని తట్టుకోదు.

మీరే పరీక్షించండి

ఇంతవరకు చెప్పినది నమ్మవలసిన పని లేదు. నాలుగు చిన్న సీసాలు, కొంచెం ఉన్ని దారం తీసుకోండి. రెండు సీసాలలో ఉన్ని ముక్క మీద తెల్ల వెనిగర్ రెండేసి చుక్కలు వేయండి. వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం బ్యుటిరిక్ ఆమ్లానికి దగ్గరి బంధువు కనుక దానికి ప్రతినిధిగా పనికొస్తుంది. మిగిలిన రెండింటిలో ఎండుచేపలు నానబెట్టిన నీళ్లు రెండేసి చుక్కలు వేయండి. (ఇంట్లో చేప రానివ్వని వాళ్లు బడి ప్రయోగశాలలో మాస్టారి సమక్షంలో బాగా పలచన చేసిన అమ్మోనియా ద్రావణం వాడవచ్చు.) ఇప్పుడు ఒక వెనిగర్ సీసాలో, ఒక చేప సీసాలో చిటికెడు సోడా వేసి, మూతలు పెట్టి, పది నిమిషాల తరువాత తమ్ముణ్నో చెల్లెల్నో వాసన చూడమనండి. ఏ సీసా ఏదో వాళ్లకు చెప్పకండి.

వెనిగర్ సీసాలో బుసబుస పొంగి వాసన దాదాపు పోతుంది. చేప సీసాలో? నీచు తగ్గదు సరికదా, కొంచెం పెరుగుతుంది. ఎందుకంటే అమీన్ తానే క్షారం. నీటిలో ఉన్న కొద్దిపాటి ఆమ్లం వల్ల అందులో కొంత లవణంగా కట్టుబడి ఉంటుంది. సోడా ఆ కట్టును విప్పుతుంది. ఇప్పుడు అదే సీసాలో నాలుగు చుక్కల నిమ్మరసం పిండండి. మొదట పొంగు వస్తుంది, అది సోడా వంతు. ఇంకొంచెం పిండితే నీచు తగ్గుతుంది. చేపల పులుసులో చింతపండు ఎందుకు వేస్తారో, వేయించిన చేప మీద నిమ్మకాయ ఎందుకు పిండుతారో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

కాబట్టి "సోడా అన్ని వాసనలనూ పోగొడుతుంది" అన్నది తప్పు. పాలకు, పాదాలకు సోడా. మూత్రానికి, నీచుకు వెనిగర్.

మూత్రం విషయంలో సమయం కూడా ముఖ్యం. అప్పుడే పడ్డ మూత్రం సాధారణంగా కొద్దిగా ఆమ్ల గుణంతో ఉంటుంది, వాసన తక్కువ. ఆ క్షణంలో కావలసింది సోడా కాదు, వెనిగరూ కాదు; మడత పెట్టిన పాత నూలుగుడ్డ. రుద్దకుండా అదిమి పట్టి పీల్చనివ్వాలి. తరువాత కొద్దిగా మంచినీళ్లు అద్ది మళ్లీ పీల్చాలి. యూరియా పోయిందంటే అమ్మోనియా పుట్టే దారే మూసుకుపోయినట్లు. రెండు రోజులు ఆలస్యమైతే అప్పటికి యూరియా విరిగి మరక క్షారంగా మారి ఉంటుంది. అప్పుడు ఒక వంతు వెనిగర్‌కు నాలుగు వంతులు నీళ్లు కలిపి అద్దాలి. నిమ్మరసం వద్దు, అందులోని చక్కెర జిగటగా మిగిలి చీమలను పిలుస్తుంది. ముందు తివాచీ మూలన, ఎవరికీ కనబడని చోట ఒక చుక్క వేసి తెల్ల గుడ్డతో ఒత్తి చూడండి. గుడ్డకు రంగు అంటితే ఆ ప్రయత్నం మానేయండి.

అద్దిన తరువాత పీల్చి తీసేయడం ఎందుకంటే, తాళం వేసిన లవణం ఇంకా తివాచీలోనే ఉంది. అమ్మోనియా వెనిగర్‌తో కలిసి అమ్మోనియం ఎసిటేట్ అయింది. మీరు మర్నాడు ఉత్సాహం కొద్దీ దాని మీద సోడా చల్లారా, తాళం తెరుచుకుని అమ్మోనియా మళ్లీ బయటికి వస్తుంది. అలాగే పాల మరక మీద సోడా చల్లి, ఆ పైన వెనిగర్ పోస్తే సోడియం బ్యుటిరేట్ నుంచి బ్యుటిరిక్ ఆమ్లం కొంత తిరిగి విడుదలవుతుంది. తాళం వేయడం ఒక పని, దొంగను ఇంట్లోనుంచి పంపడం ఇంకొక పని. రెండోది గుడ్డతోనూ, దులపడంతోనూ మాత్రమే జరుగుతుంది.

సోడా, వెనిగర్ రెండూ కలిపి పోస్తే రెట్టింపు బలం వస్తుందనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. పొంగు చూడముచ్చటగా ఉంటుంది, నిజమే. కాని 100 మిల్లీలీటర్ల వెనిగర్‌లో 5 గ్రాముల ఎసిటిక్ ఆమ్లం ఉందనుకుంటే అది 7 గ్రాముల సోడాను మింగేస్తుంది. మిగిలేది సోడియం ఎసిటేట్ కలిసిన నీళ్లు. మందులు రెండూ ఒకదాన్నొకటి చంపుకున్నాయి. వాసన చూస్తూ కూర్చుంది.

బూజు వాసనకు ఏం చేయాలి?

మూడవ కుటుంబం మీద సోడా ప్రభావం స్వల్పం, వెనిగర్ ప్రభావమూ అంతే. ఇక్కడ పనికొచ్చేది బొగ్గు. బొగ్గు అణువులతో రసాయన చర్య జరపదు. తన ఉపరితలానికి అంటించుకుంటుంది. దీన్నే అధిశోషణం అంటారు. ఉత్తేజిత బొగ్గు ఒక గ్రాములో ఉన్న సన్నని రంధ్రాల గోడలన్నీ పరిస్తే వెయ్యి చదరపు మీటర్లు దాటవచ్చు. మన కుంపటి బొగ్గుకు అంత శక్తి లేదు, అయినా ఎంతో కొంత పనిచేస్తుంది. దాన్ని పొడిగా చల్లవద్దని వేరే చెప్పాలా! చిన్న ముక్కలు చేసి, పలచని గుడ్డ సంచులలో కట్టి, చుట్టిపెట్టిన తివాచీ మడతల మధ్య ఉంచండి. నెలకోసారి ఆ సంచులను మండుటెండలో పెడితే పట్టుకున్న అణువులలో కొన్నిటిని వదిలి మళ్లీ కొంత పనికి సిద్ధమవుతాయి. నెయ్యి, నూనె మరకలకైతే ముల్తానీ మట్టి మంచిది. ఉన్నిలోని జిడ్డును పీల్చడానికి నేతగాళ్లు పూర్వం నుంచీ వాడిన బంకమన్ను జాతి అది. పొడిగానే చల్లి, కొన్ని గంటలాగి దులపాలి. లేతరంగు తివాచీకి మరక అంటవచ్చు కనుక మూలన పరీక్ష ఇక్కడా తప్పదు.

అయితే బొగ్గు వాసనను పట్టుకుంటుంది గాని బూజును చంపదు. బూజు బతకడానికి తేమ కావాలి. గాలిలో సాపేక్ష ఆర్ద్రత 70 శాతానికి తక్కువగా ఉంటే చాలా రకాల బూజులు పెరగలేవు. దుమ్ములో ఉండే సూక్ష్మమైన పురుగులు, ఉబ్బసం ఉన్న పిల్లలను వేధించేవి, గాలిలోని తేమనే పీల్చి బతుకుతాయి. 50 శాతానికి లోపు ఆర్ద్రత చాలాకాలం కొనసాగితే అవి ఎండిపోతాయి. అందుకే అన్ని మందులకంటె పాత మందు ఎండ. మీ అమ్మమ్మ తివాచీని ఏడాదికోసారి డాబా మీద వేయించింది దీనికే. వేడి తేమను తరిమేస్తుంది, అతినీలలోహిత కిరణాలు పైపైన ఉన్న సూక్ష్మజీవులను చంపుతాయి. ఆ కిరణాలే రంగులనూ వెలిసిపోయేలా చేస్తాయి కాబట్టి నూగు కిందికి, వీపు పైకి ఉండేలా వేయాలి.

ముసురులో ఎండ ఎక్కడిది అంటారా? కనీసం తివాచీని నేలమీద నుంచి లేపి, రెండు కుర్చీల వీపుల మీద వేసి, ఫ్యాను కింద ఒక రాత్రి ఉంచండి. కింది గచ్చుకు చెమ్మ పడుతున్నట్లయితే వానలు తగ్గేదాకా చుట్టిపెట్టడమే మేలు. నైలాన్, పాలీప్రొపిలిన్ తివాచీలు తేమను అంతగా పీల్చవు, కాని వాటి వీపుకు అంటించిన రబ్బరు, గోనె పొరల మధ్య చెమ్మ నిలుస్తుంది. వాటినీ ఆరవేయాలి.

సాంబ్రాణి, అగరుబత్తి, స్ప్రేల సంగతి ఏమిటి? అవి తాళం వేయవు, బయటికీ పంపవు. పెద్ద చప్పుడులో చిన్న చప్పుడు వినబడకుండా చేస్తాయి, అంతే. సోడాలో సుగంధ తైలం చుక్కలు కలిపి జల్లమనే సలహా కూడా ఈ కోవలోదే. నిమ్మ, నారింజ తైలాలలోని లిమొనీన్ గాలిలోని ఓజోన్‌తో కలిసి కొద్దిగా ఫార్మాల్డిహైడ్ పుట్టిస్తుంది. పిల్లి ఉన్న ఇంట్లో కొన్ని తైలాలు దానికి విషం. పాకే పిల్లలున్న ఇంట్లో అయితే తివాచీ మీద ఏ పొడి మిగిలినా అది చేతికి, చేతినుంచి నోటికి వెళుతుందని గుర్తుంచుకోవాలి. చల్లిన పొడిని పూర్తిగా దులిపిన తరువాతే పిల్లలను దింపండి.

ఈ రెండూ కలపకండి

మొదట్లో వాయిదా వేసిన సంగతి ఇది. మూత్రం వాసనకు బ్లీచింగ్ పౌడర్ చల్లేవాళ్లు, లేదా ద్రవరూపంలోని బ్లీచ్ పోసేవాళ్లు ఉన్నారు. బ్లీచ్ ఉన్నిని తినేస్తుంది, అది చిన్న నష్టం. బ్లీచ్ అమ్మోనియాతో కలిస్తే క్లోరమీన్లు అనే ఘాటైన విషవాయువులు పుడతాయి. బ్లీచ్‌కు వెనిగర్ గాని, మరుగుదొడ్డి కడిగే ఆమ్లం గాని తగిలితే క్లోరిన్ వాయువు విడుదలవుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915లో ఈప్ర వద్ద జర్మన్ సైన్యం ప్రయోగించినది ఈ క్లోరిన్‌నే. తలుపులు మూసిన గదిలో అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ఒకవేళ ఎవరైనా పొరపాటున కలిపి, కళ్లు మండి దగ్గు వస్తే, శుభ్రం చేయడానికి ప్రయత్నించవద్దు. అందరూ వెంటనే బయటికి వెళ్లి గాలి తగిలేచోట నిలబడాలి. ఊపిరి ఆడకపోతే ఆస్పత్రికి వెళ్లాలి.

ఇక తివాచీని కొన్ని నెలలు దాచిపెట్టవలసి వస్తే చాలామంది నాఫ్తలీన్ ఉండలు వేస్తారు. ఉన్నిని తినే పురుగులకు అది విషమే, కాని ఎగిరే విషం. కొందరికి పుట్టుకతోనే ఎర్ర రక్తకణాలలో జి6పిడి అనే ఎంజైము లోపం ఉంటుంది. అటువంటి శిశువులు నాఫ్తలీన్ ఆవిరి పీల్చినా, ఆ వాసన పట్టిన దుప్పట్లలో పడుకున్నా రక్తకణాలు పగిలి కామెర్లు రావచ్చు. ఆ లోపం ఉందో లేదో పరీక్ష చేయిస్తే గాని తెలియదు. చంటిపిల్లలున్న ఇంట్లో ఆ ఉండలు వద్దు. తివాచీని దులిపి, వీపు ఎండకు పెట్టి, నీడలో ఒక గంట చల్లారనిచ్చి, నూగు లోపలికి వచ్చేలా చుట్టండి. వేడిమీద చుట్టి ప్లాస్టిక్ సంచిలో బిగిస్తే మిగిలిన చెమ్మ లోపలే చిక్కుకుంటుంది. పాత నూలు దుప్పటిలో చుట్టి, బొగ్గు సంచులు రెండు, బాగా ఎండిన వేపాకు కొంత మధ్యలో పెట్టి, నేలకు తగలకుండా బల్లమీదకు ఎక్కించండి. నెలా రెండు నెలలకోసారి విప్పి చూడటం మాత్రం మానకండి. పురుగు ముందు తినేది చీకట్లో కదలకుండా పడి ఉన్న తివాచీనే.